ఇంతకీ మాదే ఊరు?

మొన్నొక ఆదివారం పొద్దున, ఇంకా పళ్ళు కూడా తోముకోకుండా పేపరు తిరగేస్తుంటే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఒకావిడ. చేతిలో ప్యాడు, దాని నిండా కాయితాలు, మెడలో ఐడీ కార్డు. బీఎల్వో అన్నమాట. అంటే మన పోలింగ్ బూతు ఓటర్ల జాబితా చూసుకునే మనిషి. వారమంతా అంగన్‌వాడీలో పిల్లలతో పడి, ఆదివారం కూడా ఇలా అపార్ట్‌మెంట్ల మెట్లెక్కుతోంది పాపం.

"ఎంతమంది ఉంటరు సార్ ఇంట్ల? ఓట్లు ఈడనే ఉన్నయా?"

"లేదండీ, మావి ఊళ్ళో ఉన్నాయి."

"ఎప్పటి సంది ఉంటుండ్రు ఈడ?"

"ఇరవై ఏళ్ళు దాటింది."

ఆవిడ నా మొహం వంక ఒకసారి, నా వెనకాల హాల్లో గోడంతా పరుచుకున్న టీవీ వంక ఒకసారి చూసింది. "మరి ఈడనే ఉంటుండ్రు కదా సార్, ఓటు గాడ ఎందుకు?" అంది.

వెటకారం ఏమీ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గరే సమాధానం లేదు. మేనేజరు ఎస్టిమేట్ అడిగినప్పుడు నవ్వే నవ్వు ఒకటి నవ్వి, "చూద్దాం లెండి" అన్నాను. "ఫారం ఎనిమిది నింపుతే ఐపోతది సార్, ఫోన్ల గూడ చేసుకోవచ్చు" అని చెప్పి పై అంతస్తుకి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న మాత్రం గుమ్మంలోనే కూర్చుంది.

మాది కైకలూరు దగ్గర ఒక పల్లెటూరు. ఎవరైనా "మీదే ఊరు?" అంటే ఆలోచించకుండా ఇదే చెప్తాను. అవతలివాళ్ళు వెంటనే "ఓ, చేపల చెరువులా!" అంటారు. అవును, చెరువులే. నా చిన్నప్పుడు వరిచేలు ఉన్న చోట కూడా ఇప్పుడు చెరువులే. అందులో పెరిగిన శీలావతీ, బొచ్చే ఐసులో సర్దుకుని లారీలెక్కి కలకత్తాకీ అస్సాంకీ పోతాయి. మా ఊరి చేపలూ, పిల్లలూ ఒకటే లెండి. పెరిగేది ఊళ్ళో, తేలేది ఇంకెక్కడో.

మా తాతయ్య 1924లో పుట్టాడు. అప్పటికి ఏలూరు కూడా కృష్ణా జిల్లాలోనే ఉండేది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళిపోయింది. అప్పుడు మేం ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది, రాజధాని హైదరాబాదు. ఇన్ని జరిగినా వరండాలో ఆ మూలనున్న తాతయ్య నులకమంచం మాత్రం జానెడు కూడా జరగలేదు. ఆయన పోయాక కూడా ఈ వరస ఆగలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయినప్పుడు కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంటే 1925లో ఏలూరు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతే, తొంభై ఏడేళ్ళ తర్వాత మేమే వెళ్ళి ఏలూరులో కలిశాం. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి, "మన జిల్లా మారిపోయిందమ్మా" అంటే, "అయితే కరెంటు బిల్లు ఏమైనా తగ్గుద్దా?" అంది.

తాతయ్య కదల్లేదు, అడ్రసే ఆయన చుట్టూ తిరిగింది. నాది దీనికి పూర్తిగా రివర్స్. ఇంటర్ విజయవాడలో, ఇంజనీరింగు కాకినాడలో. 2003లో ఒక సూట్‌కేసూ, ఒక దిండూ పట్టుకుని నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వచ్చాను. అమీర్‌పేటలో నలుగురం ఒక రూములో, తర్వాత ఎస్సార్ నగర్, మధ్యలో ఏడాదిన్నర న్యూజెర్సీ, పెళ్ళయ్యాక కూకట్‌పల్లి, లోన్ వచ్చాక మియాపూర్. ఇన్ని చోట్లు మారినా ఏ కంపెనీలో చేరినా, ఏ బ్యాంకుకెళ్ళినా "పర్మనెంట్ అడ్రస్" అన్న గడిలో మాత్రం ఊరి డోర్ నంబరే. కోడ్‌లో ఏదీ హార్డ్‌కోడ్ చెయ్యకూడదని జూనియర్లకి క్లాసు పీకే నేను, నా జీవితంలో ఒక్క స్ట్రింగ్ మాత్రం ఇరవై ఏళ్ళుగా హార్డ్‌కోడ్ చేసి పెట్టుకున్నానన్నమాట.

సరే, ఇంతకీ చట్టం ఏమంటుందో చూద్దామని ఆ రాత్రి కూర్చుని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం తెరిచాను. ప్రొడక్షన్‌లో ఏదైనా పేలితే తప్ప డాక్యుమెంటేషన్ చదవని వాణ్ణి, ఇది మాత్రం శ్రద్ధగా చదివాను. ఓటు ఉండాలంటే ఆ నియోజకవర్గంలో "మామూలుగా నివసించే" వాళ్ళై ఉండాలట. అంతవరకూ తెలిసిందే. 20వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదట! మా ఊరివాణ్ణి అనడానికి నేనిన్నాళ్ళూ చూపించిన రుజువు ఆ ఇల్లొక్కటే. చట్టం దాన్ని మొదటి వాక్యంలోనే కొట్టి పారేసింది.

దాని కిందే కొంచెం ఊరట కూడా ఉంది. తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన నివాసం పోదట. కానీ ఇరవై రెండేళ్ళ హోమ్‌లోన్ తీసుకున్నవాడు "తాత్కాలికంగా ఉంటున్నా" అంటే బ్యాంకువాడు కూడా నవ్వుతాడు కదా.

అసలు తమాషా ఇంకోటుంది. 2010లో ఈ చట్టానికి చేసిన సవరణ ప్రకారం విదేశాల్లో ఉంటూ ఇంకో దేశం పౌరసత్వం తీసుకోనివాళ్ళు, పాస్‌పోర్టులో ఉన్న ఊళ్ళో ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఓటు వెయ్యడానికి మాత్రం స్వయంగా రావాలి. అంటే డల్లాస్‌లో కూర్చుని గ్రీన్ కార్డు లైన్లో ఉన్న మా తమ్ముడికి మా ఊళ్ళో ఓటు ఉండొచ్చు. మూడొందల యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న నాకు ఉండకూడదు! ఈ సంగతి వాడికి ఫోన్ చేసి చెప్తే, "చూశావా అన్నయ్యా, చట్టప్రకారం నీకంటే నేనే ఆ ఊరివాణ్ణి" అని తెగ సంబరపడిపోయాడు. వాడు ఊరొచ్చి ఆరేళ్ళయింది.

మన తెలుగువాళ్ళకి ఇలాంటి లెక్కలు కొత్తేమీ కాదనుకోండి. ఎంసెట్ అప్లికేషన్‌లో ఏయూ, ఓయూ, ఎస్వీయూ అని మూడు గడులు ఉండేవి, గుర్తుందా? 1974లో చదువులకీ, 1975లో ఉద్యోగాలకీ వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల చలవ అది. లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, తాతల ఊరూ కాదు. అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావన్నదే ముఖ్యం. ఆ లెక్కన నేను ఏయూ లోకల్. అదే లెక్క మా తొమ్మిదో తరగతి అమ్మాయికి వేస్తే పక్కా ఓయూ లోకల్. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో రెండు లోకల్స్. నాలుగేళ్ళు బెంచీ మీద కూర్చుంటే ఆ చోటు నీదేనని ఉత్తర్వు ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళు ఉండి కూడా ఒప్పుకోనిది నేనే.

ఎందుకు ఒప్పుకోలేదంటారా? దానికి 2024 ఎన్నికల దగ్గరికి వెళ్ళాలి.

మా నాన్న 2020లో పోయాడు. మూడేళ్ళు అమ్మ ఒక్కతే ఊళ్ళో ఉంది. బాత్‌రూములో ఒకసారి జారి పడ్డాక, 2023 సంక్రాంతి అయ్యాక మాతో తీసుకొచ్చేశాం. మర్నాటి ఏడాది మే 13న ఆంధ్రలో అసెంబ్లీకీ లోక్‌సభకీ, ఇక్కడ తెలంగాణలో లోక్‌సభకీ ఒకేరోజు పోలింగ్. రెండ్రోజుల ముందే కారేసుకుని బయల్దేరాం. మనలాంటివాళ్ళంతా అదే పని చేశారు కాబట్టి పంతంగి టోల్‌గేటు దగ్గర సంక్రాంతి జనం. ఊరు చేరేసరికి పదకొండు గంటలు పట్టింది. అయినా దారి పొడుగునా నాకు ఒకటే గర్వం. మన ఊరు, మన ఓటు, మన బాధ్యత అని. కారులో మా అమ్మాయికి ప్రజాస్వామ్యం మీద అరగంట లెక్చరు కూడా ఇచ్చాను. అది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉందని సూర్యాపేట దగ్గర తెలిసింది.

పోలింగు రోజు నేను చదివిన ఎలిమెంటరీ స్కూల్లోనే లైన్లో నిలబడ్డాను. కనపడ్డ ప్రతివాళ్ళూ ఆప్యాయంగా పలకరించారు. "ఎప్పుడొచ్చావు?" అని మొదటి ప్రశ్న. "ఎప్పుడెళ్తావు?" అని రెండో ప్రశ్న. ఇది అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజే ఎందుకో వెలిగింది. ఊళ్ళో ఉండేవాళ్ళని ఎవరూ ఈ రెండో ప్రశ్న అడగరు. అది చుట్టాలని అడిగే ప్రశ్న.

లైన్లో నా ముందు నాతో పాటు ఏడో తరగతి దాకా చదివినవాడు నిలబడ్డాడు. ఇప్పుడు చేపల చెరువు కౌలుకి చేస్తున్నాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక "మంచినీళ్ళ చెరువు ఎలా ఉందిరా ఇప్పుడు?" అని అడిగాను. వాడు నవ్వాడు. "ఆ నీళ్ళు తాగడం మానేసి నాలుగేళ్ళయింది. క్యాన్లు కొనుక్కుంటన్నాం. నువ్వు బిస్లరీ తెచ్చుకున్నావుగా" అన్నాడు. నా చేతిలో నిజంగానే సీసా ఉంది. కాసేపాగి, "నిన్ను అనట్లేదు గానీ, మీరొచ్చి ఓటేసి సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఐదేళ్ళూ పడేది మేం" అన్నాడు. కోపంగా కాదు. చేప రేటు చెప్పినట్టు మామూలుగానే అన్నాడు.

లోపలికెళ్ళి ఓటేశాను. ఎవరికి వేశానన్నది పక్కన పెట్టండి. దేన్ని చూసి వేశాను? వాట్సాప్ గ్రూపుల్లో చదివినవి చూసి. ఊళ్ళో తాగేనీళ్ళ సంగతి తెలియనివాడు, తెలిసినవాడితో సమానంగా ఒక ఓటు వేసి, వేలి మీద సిరా ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. ఆ స్టేటస్‌కి డెబ్భై మంది మెచ్చుకోలు బొమ్మలు పెట్టారు. అందులో ఊళ్ళో ఉండేవాళ్ళు ఇద్దరు.

ఇక ఇటువైపు సంగతి చూడండి. ఎండాకాలం వస్తే మా అపార్ట్‌మెంటుకి ట్యాంకర్లే దిక్కు. మా సందులో రోడ్డు తవ్వి వదిలేస్తే ఏడాది పాటు అలాగే ఉంది. వీటి మీద ఆఫీసు క్యాంటీన్లో, అసోసియేషన్ గ్రూపులో నేను వాపోయినంత ఇంకెవరూ వాపోయి ఉండరు. 2020 డిసెంబరు 1న గ్రేటర్ ఎన్నికలు జరిగితే పోలింగ్ సగం కూడా దాటలేదు. "హైదరాబాదు జనానికి బాధ్యత లేదు" అని ఆ సాయంత్రం తీర్పు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకసలు ఇక్కడ ఓటే లేదన్న సంగతి ఆ క్షణంలో గుర్తులేదు. అక్కడ ఓటుంది, కష్టం తెలీదు. ఇక్కడ కష్టం తెలుసు, ఓటు లేదు. రెండుచోట్లా నేను ప్రయాణికుణ్ణే.

ఇదంతా ఆలోచించుకుని, అమ్మతో ఎలా చెప్పాలా అని రెండ్రోజులు తటపటాయించాను. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఉన్న ఊరు. నాన్న పేరు కిందే ఆమె పేరు ఉండే జాబితా. బాధపడుతుందేమోనని మెల్లగా మొదలెట్టాను. నేను పూర్తిచెయ్యకముందే, "ఎప్పుడో మార్చాల్సిందిరా" అంది.

"అదేంటమ్మా?"

"నాకు నీళ్ళు రానిది ఇక్కడ. అక్కడ ఓటేసి ఏం చేస్తాను? మొన్న పార్కులో లైట్లు వెలగట్లేదని మా నడక బ్యాచీ అంతా వెళ్ళి అడిగాం. నీ ఓటెక్కడ అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పేదాన్ని?"

నడక బ్యాచీ! వచ్చి రెండేళ్ళు దాటేసరికి అమ్మకి ఈ కాలనీలో కూరగాయల బండి అతని కూతురి పెళ్ళి ఎప్పుడో తెలుసు, వాచ్‌మన్ భార్యది మహబూబ్‌నగర్ వైపు ఏ ఊరో తెలుసు, పార్కు లైట్లకి ఎవర్ని అడగాలో తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఉన్న నాకు మా వార్డు పేరు కూడా తెలీదు. ఫారం నింపేటప్పుడు అమ్మనే అడిగాను.

"మరి ఊరో?" అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

"ఊరెక్కడికి పోద్దిరా? ఓటే ఊరా ఏంటి?"

మా ఇంట్లో ఒక ఛాదస్తం ఉంది. బయటికి వెళ్ళేటప్పుడు "వెళ్తున్నా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. మా నాన్న మరీ అన్యాయం. గేటు దాటాక గుర్తొస్తే సైకిల్ వెనక్కి తిప్పుకొచ్చి, "వెళ్ళొస్తా" అని చెప్పి మళ్ళీ వెళ్ళేవాడు. అమ్మ ఇక్కడికొచ్చిన కొత్తల్లో మా అమ్మాయి బ్యాగు తగిలించుకుని "నాన్నమ్మా, పోతున్నా, బై!" అంటే అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అట్టా అనకూడదమ్మా" అని ఎంత చెప్పినా అది వినేది కాదు. ఒకరోజు వాచ్‌మన్ భార్య పని ముగించుకుని "పోయొస్తమ్మా" అని వెళ్ళడం అమ్మ విన్నది. మనవరాలిని పిలిచి, "విన్నావా, ఆమె కూడా వస్తాననే అంటది. పోనీ నువ్వు అదే అను" అని రాజీ కుదుర్చుకుంది. ఇప్పుడు మా అమ్మాయి రోజూ "పోయొస్తా నాన్నమ్మా" అని చెప్పి స్కూలు బస్సెక్కుతుంది. మా నాన్న ఛాదస్తం తెలంగాణ మాటలో బతుకుతోంది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

నాన్నది ఇంకో అలవాటు. ఊళ్ళో వంటింటి తలుపు వెనక గోడ మీద పెన్సిల్‌తో రాసేవాడు. గ్యాస్ బండ మార్చిన తేదీ, గేదె ఈనిన తేదీ, కౌలు డబ్బులు ముట్టిన తేదీ, మధ్యమధ్యలో నా ఎత్తూ, తమ్ముడి ఎత్తూ. ఇంటికి రంగులేసినప్పుడల్లా ఆ ఒక్క గోడ వదిలెయ్యమనేవాడు. ఇప్పుడు మియాపూర్ ఫ్లాట్‌లో నేనూ వంటింటి తలుపు వెనక సిలిండర్ తేదీ రాస్తున్నాను. యాప్‌లో అన్నీ ఉంటాయి, అయినా రాస్తాను. మా ఆవిడ "అంత డబ్బు పోసి పెయింటింగ్ చేయించింది ఇందుకా?" అని సాధిస్తూనే ఉంటుంది. పోయిన దసరా సెలవుల్లో చూస్తే, నా తేదీల పక్కన మా అమ్మాయి తన ఎత్తు గీత గీసుకుని ఉంది. దానికి ఎవరూ చెప్పలేదు.

నేను ఇన్నాళ్ళూ ఓటుని పట్టుకుని వేలాడింది ఎందుకంటే, అది కూడా పోతే ఊరితో తాడు తెగిపోతుందని భయం. కానీ ఆ తాడు ఓటరు జాబితాలో లేదు. అందులో మా పేర్లు లేకపోయినా ఆ గోడ రాతలు మాతో వచ్చేశాయి, ఆ "వెళ్ళొస్తా" వచ్చేసింది. ఓటు అలాంటిది కాదు. అది మనం ఉన్నచోట, మన చెత్త ఎత్తేచోట, మన పిల్లలు రోడ్డు దాటేచోట చెయ్యాల్సిన పని. ఊరి మీద ప్రేమ ఉందని ఈ పని ఎగ్గొట్టడం, అమ్మ మీద ప్రేమ ఉందని భార్యకి ఇంటిఖర్చులు ఇవ్వకపోవడం లాంటిదే.

ఇంకో మాట. ఇరవై ఏళ్ళుగా నేను రోజూ "వెళ్ళొస్తా" అని చెప్పి, నిజంగా తిరిగొచ్చింది హైదరాబాదులో ఇంటికే. ఊరికి వెళ్ళేటప్పుడు మాత్రం తిరుగు టికెట్ ముందే బుక్ చేసుకుంటాను. అలా అనుకుంటే బాధగానే ఉంటుంది, కాదనను. ఆ బాధ తప్పించుకోవడానికి ఊరివాళ్ళ చెరువు నీళ్ళ మీద నా ఓటు వెయ్యడం మాత్రం న్యాయం కాదు. ఊరికి ఏమైనా చెయ్యాలనుంటే చెయ్యడానికి చాలా ఉన్నాయి. ఆ స్కూలుకి బల్లలు కావాలంటున్నారు. దానికి ఓటు అక్కర్లేదు.

పోయిన శనివారం రాత్రి అమ్మదీ, మా ఆవిడదీ, నాదీ మూడు ఫారాలూ నింపేశాం. పట్టుమని అరగంట పట్టలేదు. వారం తిరక్కుండానే ఊళ్ళో మా ఇంటి తాళాలు పెట్టుకునే పక్కింటి అత్తయ్య ఫోన్ చేసింది. "ఓట్లు మార్పించుకుంటున్నారంటగా!" అంది. ఆవిడకి ఎవరు చెప్పారో, ఊళ్ళో వార్తలకి ఏ సర్వరూ అక్కర్లేదు. అమ్మ "అవునొదినా" అంది. అంతే, ఆ టాపిక్ అయిపోయింది. తర్వాత అరగంట కొబ్బరికాయలు రాలుతున్నాయనీ, పెరట్లో గోడ తడి పడుతోందనీ మాట్లాడుకున్నారు. ఆఖర్లో అత్తయ్య అడిగిన మాట స్పీకర్లో నాకూ వినపడింది.

"ఇంతకీ ఎప్పుడొస్తున్నారు?"

"పెద్దింట్లమ్మ జాతరకి వస్తాంలే" అంది అమ్మ. ఎప్పుడెళ్తారని ఆవిడ అడగలేదు.

మీ సంగతేంటి మరి? మీరుండేది ఎక్కడ, మీ ఓటుండేది ఎక్కడ? మీ ఇంటి తలుపు వెనక ఏం రాసుంది?